కోయని పువ్వు: అడవి పూల మాక్రో ఫోటోగ్రఫీ నడిచిన దారి

అడవి నేల మీద పూసే పూలలో చాలా వాటిని నిలబడి చూస్తే రంగు చుక్కలే కనిపిస్తాయి. విష్ణుక్రాంత పువ్వు వెడల్పు సెంటీమీటరు దాటదు. పురుగుల్ని పట్టి బతికే డ్రాసెరా మొక్క ఆకుల మీది జిగురు వెంట్రుకలు మామూలు కంటికి ఎర్రటి నూగులా ఉంటాయే తప్ప విడివిడిగా తెలియవు. ఇంత చిన్నవాటి రూపాన్ని, కేసరాల అమరికను, రేకుల మీది గీతల్ని స్పష్టంగా పట్టే పని మాక్రో ఫోటోగ్రఫీది. వస్తువు ఎంత పరిమాణంలో ఉందో, ఫిల్ము మీదో సెన్సరు మీదో పడే బింబం కూడా అంతే ఉంటే దాన్ని 1:1 అంటారు. అక్కడి నుంచి సుమారు పది రెట్ల ఆవర్ధనం వరకు మాక్రో పరిధి. ఆపైన సూక్ష్మదర్శిని పని మొదలవుతుంది.

ఈ విద్య చరిత్రను చాలామంది లెన్సుల చరిత్రగానే రాశారు. అడవి పూల వరకు చూస్తే అంతకంటే పెద్ద మార్పు ఇంకొకటి జరిగింది. ఫోటోగ్రఫీ పుట్టిన తరువాత కూడా దాదాపు వందేళ్లు, పువ్వును దగ్గరగా చూపాలనుకున్నవాళ్లు దాన్ని కోసి, లేదా వేళ్లతో పెకలించి, గదిలోకి తెచ్చుకున్నారు. పువ్వు ఉన్న చోటికే కెమెరా వెళ్లి, దాన్ని తాకకుండా తిరిగి రావడం 20వ శతాబ్దంలో గానీ కుదరలేదు. వెలుతురు, గాలి, రంగు అనే మూడు అడ్డంకులు ఒక్కొక్కటిగా తొలగితే గానీ అది సాధ్యపడలేదు.

కెమెరాకు ముందు ఆ పని చేసింది కుంచె. ఆ కథలో ఒక ముఖ్య ఘట్టం గోదావరి తీరాన జరిగింది. స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో చేరి, 1781లో సామర్లకోటకు వచ్చాడు. అక్కడ తోట వేసి, చుట్టుపక్కల మైదానాల్లోనూ కొండల్లోనూ మొక్కలు సేకరించాడు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఆయనకు స్నేహితుడు. కోనిగ్ 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో కన్నుమూసినప్పుడు వైద్యం చేసింది రాక్స్‌బర్గే. 1787 ఉప్పెనలో తన సేకరణ పోగొట్టుకున్న రాక్స్‌బర్గ్ పని మళ్లీ మొదలుపెట్టాడు. స్థానిక చిత్రకారులకు జీతమిచ్చి మొక్కల బొమ్మలు వేయించి, లండన్‌కు పంపాడు. వాటిలోంచి వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ ఎంపిక చేసిన 300 బొమ్మలు 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో వెలువడ్డాయి. మోదుగ, తీగమోదుగ, బిళ్లుడు వంటి మన అడవి చెట్లు అందులో తెలుగు పేర్లతో సహా కనిపిస్తాయి.

ఆ బొమ్మలు వేసిన పద్ధతిని కాస్త ఆగి చూడాలి. పుటలో పెద్ద భాగం కొమ్మకు, ఆకులకు, పూలగుత్తికి ఇచ్చేవారు. కింద ఖాళీలో పువ్వును విప్పి, రక్షక పత్రాలు, రేకులు, కేసరాలు, అండాశయం దేనికది విడిగా, కొన్నిటిని నిజ పరిమాణం కంటే పెద్దవిగా గీసేవారు. లిన్నేయస్ పద్ధతిలో మొక్క ఏ వర్గానిదో తేల్చేది కేసరాల, కీలాల లెక్కే. అందుకని ఆ చిన్న బొమ్మలు శాస్త్రవేత్తకు పైనున్న పెద్ద బొమ్మ కంటే విలువైనవి. నేటి మాక్రో ఫోటోగ్రాఫరు పువ్వు ముందు మోకాళ్ల మీద వంగి వెతికే వివరాలూ అవే. ఎండబెట్టిన నమూనాలో రంగు పోతుంది, రేకులు అణిగిపోతాయి. కాబట్టి బొమ్మకు తాజా పువ్వు కావాలి, అది వాడేలోపు పని ముగియాలి. పువ్వును కోయడం ఆ పద్ధతిలో తప్పనిసరి. విప్పి చూడనిదే వర్గం తేలదు మరి.

సామర్లకోటలో కూర్చుని అంత నిశితంగా చూసిన ఆ చిత్రకారుల పేర్లు పుస్తకంలో ఎక్కడా లేవు. ఇది ఆ గొప్ప గ్రంథంలోని పెద్ద లోటు. తరువాతి తరంలో రాబర్ట్ వైట్ అనే మరో స్కాటిష్ వైద్యుడు మద్రాసు ప్రెసిడెన్సీలో మొక్కల మీద పనిచేసినప్పుడు ఆ అన్యాయం కొంతవరకు తొలగింది. 1838, 1853 మధ్య ఆరు సంపుటాలుగా వచ్చిన ఆయన ‘ఐకోన్స్’లో 2,101 బొమ్మలున్నాయి. వాటి వెనకున్న రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారుల పేర్లు మనకు తెలుసు. గోవిందు గౌరవార్థం ఒక ఆర్కిడ్ ప్రజాతికి వైట్ ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. పువ్వును దగ్గరగా చూసిన భారతీయ చిత్రకారుడి పేరు ఒక పువ్వుకే దక్కడం ఆ కాలంలో అరుదైన మర్యాద.

వైట్ పుస్తకాలు వెలువడుతున్న రోజుల్లోనే ఇంగ్లండులో వెలుతురుతో బొమ్మ తీసే విద్య రూపు దిద్దుకుంది. విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్‌కు వృక్షశాస్త్రం మీద మక్కువ. వెండి లవణం పూసిన కాగితం మీద ఆకునో పువ్వునో పరిచి, పైన గాజుపలక నొక్కి పెట్టి, ఎండలో ఉంచేవాడు. మొక్క కప్పిన చోట కాగితం తెల్లగా మిగిలేది, చుట్టూ నల్లబడేది. 1839లో ఈ విద్య లోకానికి వెల్లడైన కొద్ది కాలంలోనే అలాంటి బొమ్మల్ని ఇటలీలోని వృక్షశాస్త్రజ్ఞుడు ఆంటోనియో బెర్తొలోనికి పంపాడు. ఈ పద్ధతిలో లెన్సు లేదు. మొక్క కాగితానికి అంటుకునే ఉంది కాబట్టి బొమ్మ కొలత మొక్క కొలతే. 1:1 నిష్పత్తి అంటే నేడు ఖరీదైన లెన్సు గుర్తుకొస్తుంది గానీ, ఫోటోగ్రఫీ తన మొదటి మెట్టు మీదే దాన్ని అందుకుంది.

శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన సయనోటైప్ అనే నీలి ముద్రణ పద్ధతిని మరుసటి ఏడాదే ఆనా అట్కిన్స్ పుస్తకానికి వాడుకుంది. బ్రిటన్ సముద్రపు నాచుల మీద ఆమె 1843లో ప్రచురించడం మొదలుపెట్టిన గ్రంథాన్ని ఫోటోలతో వచ్చిన తొలి పుస్తకంగా లెక్కిస్తారు. ముదురు నీలం మీద తెల్లగా తేలే ఆ నాచుల బొమ్మలు నేటికీ కళ్లు తిప్పుకోనివ్వవు. ఆమె, ఆమె స్నేహితురాలు ఆన్ డిక్సన్ తరువాత పూల మొక్కల్నీ ఫెర్న్‌లనూ అదే పద్ధతిలో ముద్రించారు. అక్కడే ఆ పద్ధతి హద్దు బయటపడింది. పలచని నాచు గుండా వెలుతురు పోతుంది కాబట్టి దాని లోపలి నిర్మాణం కూడా కాగితం మీద పడుతుంది. పువ్వు దళసరి వస్తువు. దాని నీడ మాత్రమే దొరుకుతుంది, లోపలి కేసరాలు ఆ నీడలో కలిసిపోతాయి.

లెన్సున్న కెమెరాతో పూలను పెద్ద ఎత్తున తీసిన తొలి వ్యక్తుల్లో ఫ్రాన్స్‌కు చెందిన అడాల్ఫ్ బ్రాన్ ఒకడు. బట్టల మీద అచ్చువేసే నమూనాలు గీసే వృత్తి ఆయనది. ఆ రంగంలోని కళాకారుల కోసం 1850ల మధ్యలో సుమారు 300 పూల ఫోటోలు సిద్ధం చేశాడు. అవి కొలొడియన్ తడిపలకల రోజులు. పలకకు మందు పూసి, అది ఆరేలోపు ఫోటో తీసి, వెంటనే చీకట్లో కడగాలి. అడవికి వెళ్లాలంటే చీకటి గుడారం, రసాయనాల సీసాలు, నీళ్లు, మోసే మనుషులు వెంట ఉండాలి. కొండల్నీ కోటల్నీ అలా తీసినవాళ్లున్నారు. గాలికి ఊగే చిన్న పువ్వు అంతసేపు కదలకుండా ఉండదు కాబట్టి దాని కోసం ఆ ప్రయాస పడినవాళ్లు అరుదు.

రంగుల విషయంలో పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉండేది. ఆనాటి పలకలు నీలపు వెలుతురునే బాగా గ్రహించేవి. ఎరుపు వాటికి కనిపించదు, పసుపు మసకగా కనిపిస్తుంది. అలాంటి పలక మీద ఎర్రగా మండే మోదుగ గుత్తి బొగ్గులా వస్తుంది, నీలి శంఖుపుష్పం దాదాపు తెల్లగా వస్తుంది. 1873లో హెర్మన్ ఫోగెల్ పలకకు రంగుమందులు కలిపితే ఆకుపచ్చనూ పసుపునూ కూడా చూడగలదని నిరూపించాడు. ఎరుపు దాకా అన్ని రంగులకూ స్పందించే పలకలు 20వ శతాబ్దం మొదటి దశకంలో అంగళ్లకు వచ్చాయి. నలుపు తెలుపుల ఫోటోలోనైనా పువ్వు తన అసలు వెలుగునీడలతో కనిపించడం అప్పటినుంచే. ఈలోగా తడిపలక స్థానంలో జెలటిన్ పొడిపలక వచ్చింది. ఇంట్లో సిద్ధం చేసుకుని, ఎక్కడికో వెళ్లి ఫోటో తీసి, తీరిగ్గా తిరిగి వచ్చి కడుక్కోవచ్చు.

ఆ వెసులుబాటు ఉన్నా పువ్వును గదిలోకి తెచ్చే అలవాటు పోలేదు. దానికి ఇద్దరు మనుషుల పని సాక్ష్యం. ఇద్దరూ ఒకే కాలంలో, అట్లాంటిక్‌కు అటూ ఇటూ, ఒకరి సంగతి ఒకరికి పట్టకుండా పనిచేశారు.

మొదటి వ్యక్తి ఎడ్విన్ హేల్ లింకన్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు బర్క్‌షైర్ కొండల్లో స్థిరపడి, అక్కడి అడవి పూలను వరసగా నమోదు చేశాడు. 1910, 1914 మధ్య వెలువడిన ‘వైల్డ్ ఫ్లవర్స్ ఆఫ్ న్యూ ఇంగ్లండ్’లో 400 ప్లాటినం ముద్రణలున్నాయి. ప్లాటినం కాగితం మీద నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు చాలా మృదువుగా పడతాయి. తెల్లని రేకు మీది సన్నని ఈనె కూడా నిలుస్తుంది. లింకన్ మొక్కను వేళ్లతో సహా జాగ్రత్తగా తవ్వి, స్టూడియోకు తెచ్చి, కిటికీ వెలుతురులో పెద్ద గాజుపలక మీద ఫోటో తీసి, తిరిగి తీసుకెళ్లి దాని చోట నాటేవాడు. పువ్వును కోయకూడదన్న పట్టింపు ఆయనకుంది. అడవిలోనే తీసే సాధనం ఆయన దగ్గర లేదు. ఆ రెండింటి మధ్య ఆయన ఎంచుకున్న దారి అది. ఎంతో శ్రమతో కూడిన మర్యాద అని దాన్ని ఒప్పుకోవాలి. అయితే లేడీస్ స్లిప్పర్ వంటి ఆర్కిడ్‌లు మట్టిలోని శిలీంధ్రాలతో పెనవేసుకుని బతుకుతాయని, పెకలిస్తే తిరిగి నాటుకోవడం కష్టమని నేడు తెలుసు కాబట్టి ఆ పద్ధతిని ఇప్పుడెవరూ అనుసరించరు.

రెండో వ్యక్తి బెర్లిన్‌లో అలంకార కళలు బోధించిన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్. ఇనుప కమ్మీలు, స్తంభాల శిరస్సులు, గుడి గోపుర శిఖరాలు ఇవన్నీ మొక్కల రూపాల నుంచే పుట్టాయని విద్యార్థులకు చూపడం ఆయన ఉద్దేశం. పొడవాటి బెలోస్ (లెన్సుకూ పలకకూ మధ్య సాగే మడతల గొట్టం) ఉన్న కెమెరాను తనే సమకూర్చుకున్నాడు. లెన్సు పలక నుంచి ఎంత దూరం జరిగితే బింబం అంత పెద్దదవుతుంది. ఊరి చివర, దారుల పక్కన పెరిగే కలుపు మొక్కల్ని తెచ్చి, ఆకుల్ని కొంత కత్తిరించి, వెనక బూడిదరంగు అట్ట పెట్టి, నిలకడైన వెలుతురులో తీశాడు. కొన్నిటిని 30 రెట్ల దాకా పెంచి ముద్రించాడు. ముప్ఫై ఏళ్లకు పైగా సాగిన ఆ పని 1928లో ‘ఉర్‌ఫార్మెన్ డెర్ కున్స్ట్’ పుస్తకంగా వచ్చేసరికి ఆయనకు అరవై దాటాయి. చుట్ట చుట్టుకున్న ఫెర్న్ చిగురు రాజదండంలా నిలబడ్డ ఆ ఫోటోలు ఐరోపా కళాలోకాన్ని ఆశ్చర్యపరిచాయి. బ్లాస్‌ఫెల్ట్‌కు కావలసింది మొక్క రూపం. ఆ మొక్క ఎక్కడ, ఏ నేలలో, ఏ చెట్టు నీడన బతికిందన్నది ఆయన ఫోటోల్లో ఉండదు. ఉండాలని ఆయన కోరుకోనూ లేదు.

ఇదే కాలంలో లండన్‌లో పెర్సీ స్మిత్ తన ఇంట్లోనే కెమెరాకు యంత్రాలు బిగించి, నిర్ణీత విరామాలతో ఒక్కొక్క ఫ్రేము తీసి, మొగ్గ విచ్చుకోవడాన్ని తెర మీద చూపాడు. 1910లో వచ్చిన ఆయన ‘ది బర్త్ ఆఫ్ ఎ ఫ్లవర్’ చిత్రాన్ని జనం విరగబడి చూశారు. అదీ నాలుగు గోడల మధ్యే.

కెమెరా అడవికి వెళ్లేందుకు దారి తెరిచిన సాధనాలు రెండూ 1936లోనే వచ్చాయి. ఒకటి డ్రెస్డెన్‌లో తయారైన కినె ఎక్సాక్టా, 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో నడిచే సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరా. అప్పటిదాకా చేతిలో పట్టే చిన్న కెమెరాల్లో చూసే కిటికీ వేరు, ఫోటో తీసే లెన్సు వేరు. దూరపు దృశ్యానికి ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. జానెడు దూరంలోని పువ్వుకు అదే పెద్ద తప్పవుతుంది. కిటికీలో మధ్యన కనిపించిన పువ్వు ఫిల్ము మీద అంచుకు జరిగిపోతుంది, ఫోకస్ ఎక్కడ నిలిచిందో అసలు తెలియదు. రిఫ్లెక్స్ కెమెరాలో లోపలి అద్దం లెన్సు చూసే దృశ్యాన్నే కంటికి చూపుతుంది. లెన్సుకూ కెమెరాకూ మధ్య ట్యూబులు చేర్చినా, బెలోస్ బిగించినా కనిపించేదే వస్తుంది. రెండోది 35 మిల్లీమీటర్ల కొడాక్రోమ్ రంగుల ఫిల్ము. 1907 నుంచి ఉన్న ఆటోక్రోమ్ గాజుపలకలకు ఎండలో కూడా సెకన్ల కొద్దీ వెలుతురు కావలసి వచ్చేది. కొడాక్రోమ్ కూడా నెమ్మదైన ఫిల్మే. అయినా దాన్ని జేబులో వేసుకుని అడవికి వెళ్లగలిగేవారు, పువ్వు రంగు పువ్వు రంగులాగే తిరిగి వచ్చేది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత దగ్గరి వస్తువుల కోసమే రూపొందిన లెన్సులు వచ్చాయి. 1955లో హైన్జ్ కిల్ఫిట్ తయారుచేసిన మాక్రో కిలార్, వేరే ట్యూబులేవీ లేకుండా అనంత దూరం నుంచి సగం పరిమాణం దాకా, దాని మరో రకంలో 1:1 దాకా ఏకబిగిన ఫోకస్ చేయగలిగేది. మరుసటి ఏడాది జపాన్‌లో నికాన్ సంస్థ 5 సెంటీమీటర్ల మైక్రో నికోర్ విడుదల చేసింది. దాన్ని తయారుచేసింది పూల కోసం కాదు. పుస్తకాల్నీ పత్రాల్నీ చిన్న ఫిల్ము మీదకు ఎక్కించే పనిలో, గీతల మీద గీతలుండే జపాన్ కంజి అక్షరాలు చెదరకుండా రావాలని దాన్ని రూపొందించారు. అంచు నుంచి అంచుకు ఒకే పదునుతో చూపే ఆ గుణమే తరువాత రేకు మీది ఈనెలకూ పుప్పొడి రేణువులకూ అక్కరకొచ్చింది. గ్రంథాలయాల కోసం పుట్టిన ఆ లెన్సుల వంశం కొద్ది ఏళ్లలో అడవుల బాట పట్టింది.

లెన్సు దొరికినా భౌతికశాస్త్రం పెట్టిన ఇబ్బందులు అలాగే ఉన్నాయి. వస్తువుకు దగ్గరైన కొద్దీ లెన్సు ఫిల్ముకు దూరం జరుగుతుంది, అంతే వెలుతురు మరింత పెద్ద బింబంగా పరుచుకుంటుంది. 1:1 దగ్గర ఫిల్ముకు చేరేది మామూలు వెలుతురులో నాలుగో వంతే. దట్టమైన ఉష్ణమండల అడవుల్లో నేలకు దిగే ఎండ ఒకటి రెండు శాతం మించదు. ఇక స్పష్టత ఉండే మందం సంగతి. 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద 1:1లో, ఎపర్చర్‌ను (లెన్సు లోపలి రంధ్రాన్ని) ఎఫ్/8 దగ్గర ఉంచితే, ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా వచ్చేది సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. కేసరం కొన పదునుగా ఉంటే రేకు మసకబారుతుంది. ఎపర్చర్‌ను ఎఫ్/16కు మూస్తే ఆ మందం రెట్టింపవుతుంది, కానీ వెలుతురు ఇంకో నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంతసేపు గాలి ఆగాలి. అదీ కాక, ఎపర్చర్‌ను మరీ చిన్నది చేస్తే వెలుతురు అంచుల దగ్గర వంగి బొమ్మంతా మెత్తబడుతుంది. ఈ లెక్కలో ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గక తప్పదు. అడవి పూల ఫోటోగ్రాఫర్లు తెల్లవారుజామునే బయల్దేరడానికి కారణం ఆ వేళ గాలి నిద్రపోతుండటమే.

గాలికి ఒక జవాబు ఫ్లాష్. మెరుపు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి ఊగే పువ్వు కూడా నిలిచిపోయినట్టు వస్తుంది. లెన్సు చుట్టూ వలయంలా అమరే రింగ్ ఫ్లాష్‌ను 1952లో అమెరికాలో లెస్టర్ డైన్ దంతవైద్యం కోసం తయారుచేశాడు, అది పూల దాకా వచ్చింది. అయితే ట్యూబులు, బెలోస్ వాడినప్పుడు ఎంత ఫ్లాష్ వెలుతురు కావాలో ప్రతిసారీ కాగితం మీద లెక్కకట్టాల్సి వచ్చేది. 1975లో వచ్చిన ఒలింపస్ ఓఎమ్-2 కెమెరా షట్టర్ తెరుచుకున్నాక ఫిల్ము మీద పడి తిరిగి వచ్చే వెలుతురును అప్పటికప్పుడే కొలిచి, చాలినంత కాగానే ఫ్లాష్‌ను ఆపేసేది. ఆ సదుపాయం మాక్రో పనిని సామాన్యుడి చేతికి తెచ్చింది. కానీ దగ్గరి ఫ్లాష్ వెలుతురు పువ్వును దాటి వెనక్కి చేరేసరికి క్షీణించిపోతుంది, వెనకున్న అడవంతా నల్లగా మారుతుంది. 1980లలో పుస్తకాల నిండా కనిపించే నల్లని నేపథ్యపు పూలు ఇలా వచ్చినవే. అవి అందమైనవే, వర్గీకరణకు పనికొచ్చేవే. బ్లాస్‌ఫెల్ట్ బూడిదరంగు అట్ట చేసిన పనినే అక్కడ చీకటి చేసింది. పువ్వు అడవిలోనే ఉంది, ఫోటోలో అడవి లేదు.

పువ్వును అడవితో సహా చూపిన ఘనత ఎలియట్ పోర్టర్‌ది. హార్వర్డ్‌లో వైద్యం చదివి, బాక్టీరియా పరిశోధకుడిగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి ఫోటోగ్రఫీకి వచ్చినవాడు. లింకన్ తిరిగిన ఈశాన్య అమెరికా అడవుల్లోనే, దాదాపు అలాంటి పూలనే, అరచేతికి పైచిలుకు పరిమాణమున్న షీట్ ఫిల్ము కెమెరాతో రంగుల్లో తీశాడు. ఫ్లాష్ లేదు. మబ్బు పట్టిన రోజు మెత్తని వెలుతురులో, ట్రైపాడ్ మీద, గాలి ఆగేదాకా ఓపిక పట్టి తీసినవి. రాలిన ఆకుల మధ్య తలెత్తిన ఒక పువ్వు, దాని పక్కన కుళ్లిన మాను, దాని మీద పాకిన నాచు, అన్నిటికీ ఆ ఫోటోల్లో సమాన గౌరవం. ఆ ఫోటోల సంకలనాన్ని చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపాక, 1962లో ప్రకృతి పరిరక్షణ సంస్థ సియెరా క్లబ్ ‘ఇన్ వైల్డ్‌నెస్ ఈజ్ ది ప్రిజర్వేషన్ ఆఫ్ ది వరల్డ్’ పేరుతో అచ్చువేసింది. అందులో 72 ఫోటోలు, వాటికి ఎదురుగా అమెరికన్ రచయిత థోరో రచనల్లోని భాగాలు. అమెరికాలో అడవుల రక్షణ చట్టం కోసం చర్చ సాగుతున్న ఆ రోజుల్లో ఆ పుస్తకం ఇంటింటికీ వెళ్లింది. సాంకేతికంగా పోర్టర్ ఫోటోలు చాలావరకు 1:1కు చేరవు. అయినా ఈ చరిత్రలో ఆయన స్థానం ఏ లెన్సు స్థానం కంటే తక్కువ కాదు. చిన్న పువ్వు తన చోటుతో కలిసి ఉన్నప్పుడే పూర్తిగా కనిపిస్తుందని తరువాతి తరానికి నేర్పింది ఆయనే.

ఆ తరం కోసం 1980లలో మంచి పాఠ్యగ్రంథాలు వచ్చాయి. బ్రిటన్‌లో హెదర్ ఏంజెల్ 1983లోనూ, అమెరికాలో జాన్ షా 1987లోనూ దగ్గరి ఫోటోగ్రఫీ మీద రాసిన పుస్తకాలు ఔత్సాహికుల చేతుల్లో నలిగిపోయాయి. భారతదేశంలో ఆ కాలపు ఔత్సాహికుడికి దిగుమతి లెన్సు గగనకుసుమం. చాలామంది 50 మిల్లీమీటర్ల మామూలు లెన్సును తిరగేసి బిగించి, లేదా చవక ట్యూబులు చేర్చి పని నడిపారు. తిరగేసిన లెన్సు మంచి మాక్రో లెన్సుకు తీసిపోని ఫలితమే ఇస్తుంది. ఎపర్చర్‌ను చేత్తో మూయాలి, దూరం మార్చాలంటే మనిషే ముందుకూ వెనక్కూ కదలాలి. ఒక రోలుకు 36 ఫోటోలు, వాటిలో నిలిచేవి ఒకటో రెండో. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున 2000లో వచ్చిన ఐజాక్ కెహిమ్కర్ ‘కామన్ ఇండియన్ వైల్డ్ ఫ్లవర్స్’ వంటి క్షేత్ర దర్శినులు ఆ ఫిల్ము యుగపు శ్రమ మీద నిలబడ్డవి. కోసి ఎండబెట్టిన నమూనాతో పనిలేకుండా, చెట్టు మీదున్న పువ్వును పుస్తకంలోని ఫోటోతో పోల్చి గుర్తుపట్టే వీలు సామాన్య పాఠకుడికి ఈ పుస్తకాలతో కలిగింది.

డిజిటల్ కెమెరా వచ్చాక వేగం పెరిగింది. 1999 నాటి నికాన్ కూల్‌పిక్స్ 950 రెండు సెంటీమీటర్ల దూరంలోని వస్తువుకు ఫోకస్ చేయగలిగేది. దాని సెన్సరు చిన్నది కావడంతో స్పష్టత మందం కూడా ఎక్కువ. అదే ఏడాది కానన్ విడుదల చేసిన ఎంపీ-ఇ 65 లెన్సు ఏకంగా 1:1 నుంచి ఐదు రెట్ల దాకా వెళ్లేది. తీసిన ఫోటో అక్కడికక్కడే చూసుకుని సరిదిద్దుకునే వీలు, ఎన్నిసార్లు తీసినా ఖర్చు లేకపోవడం, చీకటి అడవిలో సెన్సరు సున్నితత్వాన్ని పెంచుకునే సదుపాయం నల్లమల, శేషాచలం, పాపికొండల దారుల్లో నడిచేవాళ్లకు కూడా అందాయి. ఇక్కడి ఆకురాల్చే అడవులకు రెండు పూల కాలాలు ప్రధానం. ఫాల్గుణ మాసానికి ఆకు రాలిన కొమ్మల మీద మోదుగలు, బూరుగులు పూస్తాయి. తొలకరి నుంచి ఆశ్వయుజం దాకా నేల మీది గుల్మాలు, బండల తేమలో పెరిగే డ్రాసెరా, యుట్రిక్యులేరియా పూస్తాయి. మాక్రో పనికి రెండోదే సిసలైన రుతువు. రోజంతా మబ్బు ఉండటం ఆ వెలుతురుకు వరం, గాలివాన దానికి శాపం.

స్పష్టత మందం కష్టాన్ని తీర్చింది కెమెరా కాదు, కంప్యూటరు. ఫోకస్‌ను అర మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పదుల కొద్దీ ఫోటోలు తీసి, ఒక్కొక్క దానిలో పదునుగా ఉన్న భాగాన్ని మాత్రమే ఏరి ఒకటిగా కలిపే ఫోకస్ స్టాకింగ్ సాఫ్ట్‌వేర్లు 2000ల దశకంలో ఔత్సాహికులకు అందాయి. 2015 నాటికి కొన్ని కెమెరాలే లోపల ఆ పని చేయగలిగాయి. కేసరం కొన నుంచి రేకు వెనక అంచు దాకా అంతా పదునుగా ఉన్న పువ్వు బొమ్మ, సామర్లకోట చిత్రకారుడు కుంచెతో సాధించినది, కెమెరాకు దొరకడానికి రెండు శతాబ్దాలు పట్టింది. కానీ దీనికో మూల్యం ఉంది. అన్ని ఫోటోలు తీసేదాకా పువ్వు వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అడవిలో ఆ నిశ్చలత దొరకడం కష్టం కాబట్టి, రెండు మూడు రెట్ల ఆవర్ధనం దాటగానే చాలామంది మళ్లీ పువ్వును కోసి గదిలోకి తెస్తున్నారు. శాస్త్ర అవసరం ఉన్నచోట అది సబబే. కేవలం మెచ్చుకోళ్ల కోసం అరుదైన ఆర్కిడ్‌ను తెంపడాన్ని ఏ అవసరమూ సమర్థించదు.

కోయకపోయినా హాని జరగవచ్చని కూడా గత కొన్ని దశాబ్దాల్లో స్పష్టమైంది. ఫ్రేములో అడ్డొచ్చే గడ్డిని పీకడం, ఒక పువ్వు ముందు పడుకోవడానికి పక్కనున్న పది మొలకల్ని నలపడం, ఒకే మొక్క చుట్టూ వరసగా అందరూ తొక్కి నేలను గట్టిపరచడం అందులో కొన్ని. అరుదైన మొక్క ఫోటోతో పాటు దాని చోటు వెల్లడైతే దొంగలు రావచ్చు. ఇంగ్లండులో లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్ సేకరణదారుల చేతిలో తరిగి తరిగి, చివరికి యార్క్‌షైర్‌లో అడవిలో మిగిలిన ఒకే ఒక్క మొక్కగా మారింది. దశాబ్దాల పాటు దాని చోటును రహస్యంగా ఉంచి కాపలా కాయాల్సి వచ్చింది. ప్రకృతి పరిశీలనలు పంచుకునేందుకు 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ వేదిక ప్రమాదంలో ఉన్న జాతుల ఫోటోలు వస్తే వాటి స్థానాన్ని కావాలనే మసకబార్చి చూపడానికి కారణం ఇలాంటి అనుభవాలే.

అదే ఏడాది మన దేశంలో మొదలైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వేదికల్లో నేడు పువ్వు ఫోటో తేదీతో, స్థలంతో కలిసి ఒక ఆధారంగా నిలుస్తోంది. ఏ మొక్క ఎక్కడ, ఏ నెలలో పూస్తోందో, ఆ కాలం ముందుకు జరుగుతోందో వెనక్కి జరుగుతోందో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఆ ఫోటోల్ని వాడుకుంటున్నారు. అందుకు పనికిరావాలంటే పువ్వు ముఖం ఒక్కటే తీస్తే చాలదు. పక్క నుంచి పుష్పకోశం, ఆకుల అమరిక, కాండం మీది నూగు, కాయ, మొక్క నిలబడ్డ చోటు, అన్నీ విడివిడిగా తీయాలి. రాక్స్‌బర్గ్ పుటలో పైనా కిందా పంచుకున్న వివరాలు ఇవే. ఇంత చేసినా ఒక హద్దు మిగిలే ఉంది. అప్పటిదాకా ఎవరూ వర్ణించని పూల మొక్కకు శాస్త్రీయ నామం పెట్టాలంటే అంతర్జాతీయ వృక్ష నామకరణ నియమావళి ప్రకారం ఫోటో ఎంత బాగున్నా సరిపోదు. హెర్బేరియంలో (మొక్కల నమూనాల భండారంలో) భద్రపరిచిన నమూనా ఒకటి ఉండాలి. ఆ సందర్భంలో మాత్రం పువ్వును ఇప్పటికీ కోయక తప్పదు.